తొంభై శాతం నిండాక

మొదట ఆగింది పదకొండో బల్ల. ఉదయం పదీ ఇరవైకి అక్కడి ఆపరేటర్ ఒక ఫోన్ ఎత్తింది. నాన్న మెట్ల మీంచి పడ్డాడు, అంబులెన్స్ పంపమని అవతలి మనిషి అడిగాడు. ఆమె చిరునామా టైప్ చేసింది. తెర మీద అక్షరాలు పడలేదు. తొమ్మిది సెకన్ల పాటు పడలేదు. చేతికి దొరికిన కాగితం మీద చిరునామా రాసుకుని, తెర కదిలాక ఎక్కించింది. అంబులెన్స్ వెళ్లింది. పెద్దాయనకు మణికట్టు విరిగింది, అంతకు మించి ఏమీ కాలేదు.

ఆ వారంలో మరో ఆరు బల్లలు అలాగే ఆగాయి. నెల తిరిగేసరికి ఆగినవి ముప్పై ఒకటి. అంబులెన్స్ కంట్రోల్ రూములో ఉన్నవే ఎనభై బల్లలు. ఒక్కో బల్ల కింద ఒక కంప్యూటర్, అందులో ఒక ఎస్‌ఎస్‌డీ. వచ్చిన ప్రతి ఫోనూ ఆ డ్రైవులో రికార్డవుతుంది. టైప్ చేసిన ప్రతి చిరునామా ముందు అందులో నమోదయ్యాకే తెర మీద కనిపిస్తుంది. డ్రైవు రాయడం ఆపితే బల్ల ఆగుతుంది. కొన్నాళ్లకు ఆపరేటర్లందరూ కీబోర్డు పక్కన కాగితాల కట్ట, బాల్‌పెన్ పెట్టుకోవడం మొదలుపెట్టారు. షిఫ్ట్ ఇన్‌చార్జి ఒకావిడ, ఇరవై రెండేళ్లుగా అక్కడే పని చేస్తోంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కూడా ఇలాగే పెన్ను పట్టుకున్నానని, తిరిగి తిరిగి అక్కడికే వచ్చానని అందరికీ చెప్పింది.

ఆ డ్రైవులను ఎంపిక చేసింది రెండో అంతస్తులోని పరీక్షల గది. ఆ గదికి ఉద్యోగి ఒక్కతే. వయసు నలభై ఆరు. ఆఫీసులో ఆమెను కాటా మేడం అంటారు. చేరిన ఏడాదే, వేగంలో రెండు శాతం తక్కువుందని ఆరు వందల డ్రైవుల లోడును గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపింది. పేరు అలా వచ్చింది.

గదిలో మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, ఒక బీరువా. పరీక్షకు వచ్చిన డ్రైవుల మీద కంపెనీ పేరు కనపడకుండా కింద స్టోర్‌లోనే రంగు స్టిక్కర్ అంటిస్తారు. ఎవరి సరుకో తెలియకుండా కొలవాలని నియమం పెట్టింది ఆమే. రెండో నియమం గోడ మీద టైప్ చేసి ఉంది: పరీక్షకు ముందు డ్రైవును పూర్తిగా తుడిచి, కొత్తదానిలా చేయాలి. మునుపటి రాతల ఆనవాలు ఉంటే కొలత చెడుతుందని ఆమె వాదన. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆ నియమం తప్పలేదు.

కిందటేడు మూడు కంపెనీల డ్రైవులు ఎరుపు, నీలం, ఆకుపచ్చ స్టిక్కర్లతో వచ్చాయి. ఎరుపు సెకనుకు మూడు వేల మెగాబైట్లు రాసింది. నీలం రెండు వేల నాలుగు వందలు. ఆకుపచ్చ పదకొండు వందలు. ఆమె ఎరుపుకు మొదటి స్థానం ఇచ్చి సంతకం పెట్టింది. ఎనభై ఎర్ర డ్రైవులు బల్లల్లోకి వెళ్లాయి. ఎనిమిది నెలలు బాగానే నడిచాయి.

డైరెక్టర్ పిలిచి మాట్లాడిన రోజు నెలాఖరుకు ఇరవై ఒక్క రోజులుంది. ఆయన గొంతులో కోపం లేదు. డ్రైవులు ఎందుకు ఆగుతున్నాయో నెలాఖరు లోపల ఆమె గదిలోనే చూపించమన్నాడు. చూపించలేకపోతే గది మూసేద్దామన్నాడు. కంపెనీలకు సొంత ప్రయోగశాలలున్నాయి, వాళ్లిచ్చే సర్టిఫికెట్ చూసి కొనుక్కోవచ్చు. ఆమెకు పాత రికార్డుల విభాగంలో కుర్చీ ఉంది.

"చూపిస్తాను," అంది ఆమె.

"ఎలా చూపిస్తారు? ఇప్పటికి పద్నాలుగు డ్రైవులు మీ దగ్గరికొచ్చాయి. పద్నాలుగింటికీ బాగున్నాయని రాసి పంపారు."

అది నిజం. కింద ఆగిన డ్రైవు పైకి వస్తుంది. ఆమె తుడిచి, కొలుస్తుంది. సెకనుకు మూడు వేలు. కాగితం మీద ఆ అంకె వేసి కిందికి పంపుతుంది. కింద ఉన్నవాళ్లు ఆ కాగితం చూసి, వాళ్ల కళ్ల ముందు ఆగిన బల్లను చూసి, పైనున్న గదికి కళ్లు లేవనుకున్నారు.

ఫిర్యాదు రాసింది కంట్రోల్ రూము యంత్రాలు చూసుకునే ఇంజనీరు. అతను ఆమెకు స్వయానా మరిది. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. కింద ఆమె, భర్త, అత్తగారు, మేడ మీద మరిది, తోడికోడలు. ఆ సాయంత్రం అతను చెప్పులు విప్పుతూనే వదినకు సంగతి చెప్పేశాడు.

"వదినా, ఫిర్యాదు మీద సంతకం నాదే. తప్పలేదు."

"నేనైనా పెట్టేదాన్నే. బల్లల నంబర్లు రెండు తప్పు రాశావు. రేపు దిద్ది పంపు."

అత్తగారు భోజనాల బల్ల దగ్గర్నుంచి ఇద్దర్నీ చూసింది. "ఒకడు నా కడుపున పుట్టాడు, ఒకతి నా నెత్తిన పడింది. ఎవరి వైపు మాట్లాడినా నాకే ముద్ద దిగదు. ఆఫీసు సంగతులు ఆ చెప్పుల పక్కనే వదిలి రండి," అంది.

మొదటి మూడు రోజులు ఆమె వేడి మీద పని చేసింది. కంట్రోల్ రూములో బల్లల కింద గాలి ఆడదు కాబట్టి డ్రైవులు కాగి ఆగుతున్నాయేమో అనుకుంది. అట్టపెట్టెలో బల్బు వెలిగించి, ఎర్ర డ్రైవును అందులో పెట్టి, అరవై డిగ్రీల దగ్గర ఆరు గంటలు రాయించింది. మూడు వేలు రెండు వేల తొమ్మిది వందలైంది. ఆగలేదు. తర్వాత మూడు రోజులు కేబుళ్లు. కింద వాడే కేబుళ్లు పన్నెండు తెప్పించి ఒక్కొక్కటే మార్చింది. తేడా లేదు. ఆ తర్వాత కరెంటు. హెచ్చించి, తగ్గించి చూసింది. డ్రైవు చలించలేదు. తొమ్మిది రోజులు గడిచాయి. ప్రతి పరీక్షకూ ముందు నియమం ప్రకారం డ్రైవును తుడిచింది.

ఇంట్లో భర్త ఒకసారి పలకరించబోయాడు. అతను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పన్నెండేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, కాలు రెండో బ్రేకు మీద ఉంచి, నోరు అదుపులో పెట్టుకోవడం అలవాటైన మనిషి. ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

పదో రోజు మధ్యాహ్నం మరిది పైకి వచ్చాడు. నలుగురిలో ఉంటే మేడం అంటాడు. గదిలో ఇద్దరే కాబట్టి వదినా అన్నాడు. పరీక్ష అయిన డ్రైవులు రెండు తీసుకెళ్లాలి. ట్రే ఎత్తుకుంటూ నవ్వాడు.

"నీ హస్తవాసి మంచిది వదినా. ఒట్టి చేత్తో తాకి పంపుతావు, అది లేచి పరిగెడుతుంది."

ఆమె పట్టిక రాస్తోంది. తల ఎత్తకుండా, వెటకారమైతే ఇంటికెళ్లాక చేసుకోమంది.

వెటకారం కాదన్నాడతను. ఆమె గదికి వచ్చి వెళ్లిన డ్రైవులు పద్నాలుగు, వాటిలో ఒక్కటి కూడా మళ్లీ ఆగలేదు. తీరిక లేక పైకి పంపకుండా తనే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు మార్చినవి తొమ్మిది. కొత్త చోట తొమ్మిదికి తొమ్మిదీ ఆగాయి. ముట్టుకోకుండా వదిలేసిన ఎనిమిది కూడా ఆగుతూనే ఉన్నాయి.

ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"ఆ తొమ్మిదీ తుడిచి మార్చావా?"

"ఎందుకు తుడుస్తాను? రికార్డులు ఏడాది ఉంచాలిగా. నీ దగ్గరికి పంపేవాటికైతే ముందు కాపీ తీసుకుంటాం, నువ్వెలాగూ తుడిచేస్తావు కాబట్టి."

"అవి ఎంత నిండాయి?"

అతను జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. తొంభై ఒకటి, తొంభై మూడు, తొంభై మూడు, తొంభై నాలుగు. ఆగినవాటిలో తొంభై శాతం లోపు నిండింది ఒక్కటీ లేదు.

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడ అంటించిన కాగితాన్ని పైనుంచి కింది దాకా చదివింది. అది ఆమె రాసిందే, ఆరే వాక్యాలు. చదవడానికి రెండు నిమిషాలు పట్టింది.

"రోగం గుమ్మంలోనే నయం చేసేసి, మనిషిని లోపలికి తెచ్చి జబ్బెక్కడుందా అని వెతుకుతున్నాను," అంది. "పద్నాలుగు సార్లు."

మరిది ట్రే కింద పెట్టాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"పట్టిచ్చేవాడు మరిదై ఉండాలి. పదకొండో బల్ల డ్రైవు ఇప్పుడే కావాలి. కాపీ తీసుకో, తుడవకుండా తీసుకురా."

ఆ డ్రైవు నాలుగింటికి వచ్చింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆమె తుడవకుండా ఒక డ్రైవును కంప్యూటర్‌కు తగిలించింది. పరీక్ష అందులోని ఫోన్లు వినదు. మిగిలిన జాగాలో రాయమని చెప్పి, రాయడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది. తెర మీద సెకనుకు మూడు వేలతో మొదలైన వేగం గీత నాలుగు సెకన్లలో తొంభైకి పడింది. తర్వాత సున్నా. తొమ్మిది సెకన్లు సున్నా దగ్గరే ఉంది. మళ్లీ లేచి, మళ్లీ పడింది. ఈసారి పన్నెండు సెకన్లు. మరిది ఆమె కుర్చీ వెనక నిలబడి, వేళ్ల మీద సెకన్లు లెక్కపెట్టాడు.

కారణం ఆమెకు పాఠంగా తెలుసు. ఎర్ర డ్రైవు తన ఖాళీ జాగానే వాకిలిగా వాడుకుంటుంది. వచ్చిన సరుకునంతా ముందు వాకిట్లో దించేసి, పని అయిపోయిందని చెబుతుంది. తీరిక దొరికినప్పుడు లోపల సర్దుకుంటుంది. ఇల్లు నిండాక వాకిలి ఉండదు. ఒక సామాను పెట్టాలంటే ఇంకోటి జరపాలి, జరిపిన చోటు చెరపాలి, అప్పుడు పెట్టాలి. అంతసేపూ బయటివాళ్లు నిలబడాలి. ఇదంతా తెలిసి కూడా ఆమె ప్రతి డ్రైవునూ ఖాళీ చేసి కొలిచింది.

అయితే ఒక్క డ్రైవుతో పని కాదు. అది అరిగిపోయిందని కంపెనీ అంటుంది. సీలు తీయని కొత్త డ్రైవులు మూడు రంగుల్లోనూ తీసుకోవాలి. మూడింటినీ ఒకేలా నింపి, ఒకేలా రాయించాలి. ఇంకా పదకొండు రోజులుంది.

పదకొండో రోజంతా నింపడానికే పోయింది. మూడింటినీ తొంభై రెండు శాతం దాకా నింపింది. పన్నెండో రోజు ఉదయం తొమ్మిదికి, కంట్రోల్ రూములో రాసినట్టే చిన్న చిన్న ముక్కలు రాయించడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆరింటికి రాయడం ఆపి, తాళం వేసి ఇంటికి వెళ్లింది. పదమూడో రోజూ అంతే. రెండు రోజుల్లో ఎర్ర డ్రైవు ఒక్కసారి కూడా ఆగలేదు. వేగం మధ్యాహ్నానికి కొద్దిగా తగ్గింది, మరునాడు ఉదయానికి మళ్లీ మూడు వేలకు వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె చెప్పుల పక్కన సంగతులు వదలలేకపోయింది. పళ్లెం ముందు కూర్చుని, నిండిన డ్రైవు కూడా నా గదిలో బాగానే ఉంటోందని చెప్పింది. భర్త నీళ్ల గ్లాసు కింద పెట్టి, తన కష్టం తను చెప్పాడు. ఆదివారం ఖాళీ రోడ్డు మీద అందరూ డ్రైవర్లేనట. గంట తోలాక పక్కకు ఆపి టీ తాగించి మళ్లీ తోలిస్తే ఇంకా బాగా తోలతారట. టీ ఇవ్వకుండా మూడు గంటలు ట్రాఫిక్‌లో కూర్చోబెడితే తప్ప ఎవడికి వచ్చో ఎవడికి రాదో తెలీదట.

ఆమె ముద్ద నోటి దగ్గరే ఆగింది. "నేను వాటికి టీ ఇస్తున్నాను," అంది.

గది తాళం వేసిన పదిహేను గంటలూ డ్రైవులకు కరెంటు ఉంది, పని లేదు. ఆ తీరికలో ఎర్ర డ్రైవు ఇల్లు సర్దుకుంటోంది. కింద కంట్రోల్ రూములో అలాంటి తీరిక ఉండదు. షిఫ్ట్ మారినప్పుడు కూడా ఒకరు లేచి నిలబడ్డాకే ఇంకొకరు కూర్చుంటారు, హెడ్‌సెట్ చెవి మారుతుంది తప్ప లైన్ మారదు. అక్కడి కుర్చీలు ఇరవై రెండేళ్లుగా చల్లారలేదు.

పద్నాలుగో రోజు ఉదయం డైరెక్టర్ దగ్గర కాగితం తీసుకుంది: ఆరు రోజుల పాటు పరీక్షల గదిలో కంప్యూటర్లు, ఫ్యాను ఆపకూడదు. సెక్యూరిటీ అతను ఆ కాగితాన్ని తలుపుకు అంటించాడు. పదింటికి రాయించడం మొదలుపెట్టి, ఇక ఆపలేదు.

ఎర్ర డ్రైవు పంతొమ్మిది గంటలు ఓపిక పట్టింది. ఇరవయ్యో గంటలో మొదటిసారి ఆగింది, నాలుగు సెకన్లు. రెండో రోజు ఏడు సెకన్లు. మూడో రోజు నుంచి గంటకు నలభై సార్లు ఆగింది. అన్నిటికన్నా పొడుగు ఆగడం పద్నాలుగు సెకన్లు. నీలం రెండో రోజున వేగం సగానికి తగ్గించుకుంది, అప్పుడప్పుడు ఒక సెకను, ఒకటిన్నర సెకను ఆగింది. ఆకుపచ్చ మొదటి గంటలో పదకొండు వందలు రాసింది. నూట ఇరవయ్యో గంటలో వెయ్యిన్నీ అరవై రాసింది. ఆరు రోజుల్లో అది అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం చేసిన రాతకు పట్టింది సెకనులో వందో వంతులు మూడు. ఆమె ఆ అంకె నమ్మలేదు. కొలిచే ప్రోగ్రాం తిరగేసి చూసింది, గడియారం సరిచూసింది, డ్రైవును ఇంకో కంప్యూటర్‌కు మార్చింది. మూడే వచ్చింది.

వేగం ఒక్కటీ చాలదు. కరెంటు పోయినప్పుడు, రాశానని చెప్పింది నిజంగా రాసి ఉండాలి. ఆరో రోజున రాస్తుండగానే ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, రాశానన్న ముక్క అక్కడుందో లేదో చూసింది. ఒక్కో డ్రైవుకు రెండు వందల సార్లు. ఆ రోజు మరిదికి సెలవు, అయినా వచ్చాడు. పీకడం అతని వంతు, చూడడం ఆమె వంతు. నాలుగు వందలు దాటాక అతను అరచేతికి టేపు చుట్టుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఎందుకూ పనికిరావని అన్నయ్య తిట్టేవాడని, ఇప్పుడు ఎందుకు పనికొస్తానో చూడమని వదినకు చెప్పాడు. ఎరుపు రెండు వందల్లో పదిహేడు సార్లు రాశానని చెప్పి రాయలేదు. నీలం మూడు సార్లు. ఆకుపచ్చ ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు.

ఇరవై ఒకటో రోజు ఉదయం పదకొండింటికి డైరెక్టర్ పైకి వచ్చాడు. వెనకే షిఫ్ట్ ఇన్‌చార్జి, మరిది వచ్చారు. కొనుగోలు నిబంధనల ప్రకారం ఎర్ర డ్రైవు కంపెనీని కూడా పిలవాలి కాబట్టి వాళ్ల సేల్స్ మేనేజర్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. గదిలో కుర్చీలు మూడే ఉన్నాయి. మరిది కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు.

సేల్స్ మేనేజర్ మర్యాద తెలిసిన మనిషి. కిందటేటి నివేదిక నకలు తెచ్చి బల్ల మీద పరిచాడు. తమ డబ్బా మీద సెకనుకు మూడు వేలని రాశామని, మేడం కొలిచినా మూడు వేలే వచ్చిందని, మొదటి స్థానం ఇచ్చింది కూడా మేడమేనని గుర్తు చేశాడు.

"ఈ సంతకం మీదేగా మేడం?"

"నాదే. ఆ నివేదిక తప్పు. తప్పు నాది."

డైరెక్టర్ ఆమె వైపు చూశాడు. ఆమె ఆగకుండా చెప్పింది. డ్రైవు ఖాళీగా ఉన్నప్పుడు కొలిచాను. కింద అది ఖాళీగా ఉండదు. ఆగిన డ్రైవులు నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా ముందు తుడిచి, తర్వాత కొలిచాను. పద్నాలుగింటికి బాగున్నాయని రాశాను. నేను కొలిచేటప్పటికి అవి బాగానే ఉన్నాయి. ఇవాళ తుడవకుండా చూపిస్తాను.

తొంభై శాతం నింపితే ఏ డ్రైవైనా అంతేనన్నాడు మేనేజర్. "కడుపునిండా తిన్నవాణ్ణి పరిగెత్తమంటే ఎవడు పరిగెడతాడు మేడం?"

"మా దగ్గర పరిగెత్తాలి బాబూ," అంది షిఫ్ట్ ఇన్‌చార్జి. "మా డ్రైవుకు తిన్నది అరిగేదాకా ఆగండని జనానికి చెప్పలేం కదా."

మూడు కంప్యూటర్ల మీద స్టిక్కర్లు లేవు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు మాత్రం ఉన్నాయి. మూడింటిలోనూ కంట్రోల్ రూము ప్రోగ్రామే నడుస్తోంది, మూడు డ్రైవులూ తొంభై రెండు శాతం నిండి ఉన్నాయి, ఆరు రోజులు దాటినా తీరిక లేకుండా రాస్తూనే ఉన్నాయి. ఏది ఏదో కాటా మేడంకు, మరిదికి మాత్రమే తెలుసు. ఆమె షిఫ్ట్ ఇన్‌చార్జిని ఒకటో బల్ల ముందు కూర్చోబెట్టింది. మరిది కిటికీ దగ్గర్నుంచి ఫోన్ చేసినవాడిలా చిరునామాలు చదువుతాడు, ఆవిడ టైప్ చేయాలి.

ఒకటో బల్ల మీద రెండు చిరునామాలు ఎక్కాయి. మూడోది సగంలో ఉండగా అక్షరాలు ఆగాయి. ఆవిడ తెర వైపు చూసింది. మరిది చదువుతూనే ఉన్నాడు. ఆవిడ కుడి చెయ్యి కీబోర్డు వదిలి, బల్ల మీదున్న పెన్ను అందుకుని, దగ్గర్లో ఉన్న కాగితం మీద చిరునామా రాసేసింది. ఆ కాగితం మేనేజర్ తెచ్చిన నివేదిక నకలు. పదకొండు సెకన్లకు తెర కదిలింది.

"క్షమించండి, అలవాటైపోయింది," అంది ఆవిడ.

డైరెక్టర్ ఆ కాగితం తీసుకుని చూశాడు. కిందటేటి సంతకం మీదుగా వీధి పేరు, ఇంటి నంబరు ఉన్నాయి.

రెండో బల్ల మీద తెర రెండుసార్లు తడబడింది. మూడో బల్ల ముందు ఆవిడ కూర్చుని, పెన్ను ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది. మరిది ఐదు చిరునామాలు చదివాడు, పది చదివాడు. ఆవిడ వేగం పెంచింది. అతనూ పెంచాడు. ఇరవయ్యో చిరునామా దగ్గర అతనికి దగ్గొచ్చింది. ఆవిడ కాలు మీద కాలు వేసుకుని ఎదురుచూసింది. ముప్పై రెండు చిరునామాలయ్యాక డైరెక్టర్ చాలన్నాడు.

"ఈ మూడోది ఎవరిది?" అని అడిగాడు మేనేజర్.

"ఆకుపచ్చ. కిందటేడు అందరికన్నా వెనకబడింది," అంది కాటా మేడం. "ఖాళీగా ఉన్నప్పుడు మీదే ముందు. ఆరంభశూరత్వానికి మొదటి స్థానం ఇచ్చాను. ఈసారి ఇవ్వను."

మేనేజర్ తన లాప్‌టాప్ తెరవలేదు. ఎర్ర డ్రైవు ఆరు రోజుల గీతలు, ప్లగ్గు పీకిన లెక్క నకలు ఇస్తారా అని అడిగాడు. తమ ఫ్యాక్టరీవాళ్లు ఈ గీత ఎన్నడూ చూసి ఉండరన్నాడు. ఆమె ముందే తీసి పెట్టిన నకలు ఇచ్చింది. దాని చివర పరీక్ష చేసే పద్ధతి కూడా ఉంది, గోడ మీది నియమం కొట్టేసి రాసిన కొత్తది: నింపాలి, ఆరు రోజులు ఆపకుండా రాయించాలి, ఆ తర్వాతే కొలవాలి, ప్లగ్గు పీకి మళ్లీ కొలవాలి.

డైరెక్టర్ లేచాడు. ఎనభై బల్లలకూ ఆకుపచ్చే తెప్పించమన్నాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"సర్టిఫికెట్ చూసి కొనుంటే మళ్లీ వీటినే కొనేవాళ్లం. ఇక ఈ గదిని మూసే మాట ఎత్తను. ఇంకా ఏం కావాలో రాసివ్వండి."

"ఇంకో మూడు బల్లలు. పక్క స్టోర్ గది గోడ తీయించాలి."

"రాసివ్వండి," అన్నాడాయన మళ్లీ, నవ్వుతూ.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అందరూ కూర్చున్నారు. మరిది, తోడికోడలు కూడా కిందికి వచ్చారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. అత్తగారి ఆంక్ష అలాంటిది. రెండు ముద్దలు తిన్నాక ఆవిడే ఓర్చుకోలేకపోయింది.

"నోళ్లు కుట్టేసుకున్నారా? ఏమైందో ఏడవండి."

ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. పెన్ను సంగతి మరిది చెప్పాడు, ఎలా అందుకుందో చేసి చూపించాడు. ముప్పై రెండు చిరునామాల సంగతి దగ్గర భర్త గట్టిగా నవ్వాడు. టీ సలహాకి తన వాటా ఏమిటని అడిగాడు. అత్తగారు చివరి దాకా విని, నిండుకుండ తొణకదని చిన్నప్పుడే చెప్పాం కదరా, ఆరు రోజులు ప్లగ్గులు పీకితే గానీ మీకు ఎక్కలేదా అంది. అని, కోడలి పళ్లెంలో అడక్కుండానే ఇంకోసారి వడ్డించింది.

ఆకుపచ్చ డ్రైవులు ఆ నెలలోనే బల్లల్లోకి వెళ్లాయి. నాలుగు, ఆరు, ఎనిమిది నెలలు గడిచాయి. తొమ్మిదో నెలలో వాన పట్టుకుంది. రెండో రోజు పొద్దుటికి ఊళ్లో సగం వీధుల్లో మోకాలి లోతు నీళ్లున్నాయి. కంట్రోల్ రూముకు మామూలుగా రోజుకు పదిహేను వేల ఫోన్లు వస్తాయి. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే ముప్పై ఐదు వేలు దాటాయి. కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. డ్రైవులు అప్పటికి తొంభై మూడు శాతం నిండి ఉన్నాయి.

కాటా మేడం కిందికి దిగి వెళ్లింది. ఎనభై బల్లల దగ్గరా మనుషులున్నారు, కొన్నిచోట్ల వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు. మరిది తన కంప్యూటర్ ముందు నుంచి మూడు వేళ్లు చూపించాడు. అన్నిటికన్నా ఆలస్యమైన రాత, సెకనులో వందో వంతులు మూడు. మూడుసార్లు కరెంటు పోయినా ఒక్క చిరునామా తప్పిపోలేదు.

ఆమె పదకొండో బల్ల వెనక నిలబడి చూసింది. అక్కడి ఆపరేటర్ ఒక చెవిలో మాట వింటూ, ఇంకో చెవితో పక్కవాళ్లకు జవాబిస్తూ టైప్ చేస్తోంది. అక్షరం వెనక అక్షరం పడుతోంది. ఒక బస్సులో పదహారు మంది చిక్కుకున్నారు, ఇద్దరు ముసలివాళ్లు. బండి బయల్దేరినట్టు తెర చివర పచ్చగా వెలిగింది. ఆపరేటర్ తర్వాతి ఫోన్ ఎత్తింది.

షిఫ్ట్ ఇన్‌చార్జి రెండు చేతుల్లో హెడ్‌సెట్లతో అటుగా వచ్చింది.

"మేడం, దారికి అడ్డం. పనుంటే ఉండండి, లేకపోతే పైకెళ్లండి."

కాటా మేడం పక్కకు జరిగి దారిచ్చింది. తర్వాత మెట్లెక్కింది. మరో నాలుగు ఊళ్ల కంట్రోల్ రూములు కొనబోయే ముందు పరీక్షించి చెప్పమని పంపిన డ్రైవులు పైన ఆరు బల్లల మీద నిండి, ఐదు రోజులుగా ఆపకుండా రాస్తున్నాయి. సాయంత్రం నాలుగు గంటల కొలత తీసుకోవాలి, ఇంకా పది నిమిషాలే ఉంది.